పనిముట్టు – పనితనం

కుమ్మరికి సారె, నేతగానికి మగ్గం, కమ్మరికి కొలిమి, వడ్రంగికి బాడిశ – ఏ వృత్తిని పరిశీలించినా దాని సరసన ఒక పనిముట్టు దర్శనమిస్తుంది. పనివాని జీవితంలో సగభాగం దానితోనే గడుస్తుంది. అతని అరచేతి కాయలు దాని పిడి ఆకారాన్ని చెబుతాయి; దాని పిడి అరుగుదల అతని చేతి పట్టును చెబుతుంది. అందుకే తెలుగునాట మహర్నవమినాడు పనిముట్లను కడిగి, తుడిచి, పసుపు కుంకుమలు అద్ది ఆయుధపూజ చేయడం ఆచారమైంది. నాగలి, కత్తెర, కుట్టుమిషను, లారీ చక్రం – ఆ పూజకు అర్హం కాని వస్తువు లేదు. నేడు ఆ వరుసలో కంప్యూటరు కూడా చేరింది.

ఆ కంప్యూటరుతో జీవనం సాగించే ప్రోగ్రామరుకు నిత్యం చేతికి తగిలే పనిముట్టు కీబోర్డు. అతని ఆలోచన యంత్రంలోకి ప్రవేశించే ద్వారం అదే. ఇటీవలి కాలంలో ఆ వృత్తిలోని వారిని ఒక ప్రశ్న తరచుగా ఆకర్షిస్తున్నది. కొన్ని వందల రూపాయలకు దొరికే సాధారణమైన కీబోర్డు చాలునా? లేక వేల రూపాయలు వెచ్చించి మెకానికల్ కీబోర్డు కొనుక్కుంటేనే పని సవ్యంగా సాగుతుందా? చూడడానికి ఇది చిన్న ప్రశ్న. కాని దీని వెనుక, మనిషికీ పనిముట్టుకూ గల సంబంధం ఎటువంటిదనే పెద్ద ప్రశ్న దాగి ఉన్నది.

తెనాలిలో ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్ల పాటు ఆయన టైపు ఇన్‌స్టిట్యూటు నడిపారు. ఉదయం ఆరు గంటలకే విద్యార్థులు వచ్చి, బల్లల ముందు నిటారుగా కూర్చుని, వేళ్లతో అక్షరాల వరుసలు సాధన చేసేవారు. ఒకేసారి పన్నెండు యంత్రాలు మోగుతుంటే ఆ వీధి చివరి వరకు వినిపించేది. లోయర్, హయ్యర్ పరీక్షలు ప్యాసై గుమాస్తాలైనవారు, స్టెనోగ్రాఫర్లైనవారు ఆయనకు ఇప్పటికీ దారిలో నమస్కరిస్తారు. కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూటు మూతపడింది. యంత్రాలన్నీ పాత ఇనుముగా అమ్ముడుపోయాయి. ఒక్కదానిని మాత్రం ఆయన ఇంట్లో ఉంచుకున్నారు. ఏటా మహర్నవమినాడు దానికి నూనె వేసి, బొట్టు పెట్టి, పూజలో ఉంచుతారు.

ఆయన కుమారుడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగి. ఒక దసరా పండుగకు ఇంటికి వచ్చినప్పుడు అతని సంచిలో నుంచి బరువైన పెట్టె ఒకటి బయటపడింది. అందులో ఉన్నది కొత్త మెకానికల్ కీబోర్డు. అతడు దానిని ఎంతో ఆప్యాయంగా తీసి, టైపు యంత్రం పక్కన పూజాపీఠంపై ఉంచాడు. తండ్రి ఒక మీటను నొక్కి చూశారు. టక్కుమని శబ్దం వచ్చింది.

“శబ్దం బాగుందిరా. ఎంత పెట్టి కొన్నావు?” అని అడిగారు.

కుమారుడు కొంచెం తటపటాయించి, “పన్నెండు వేలు నాన్నగారూ. ఈ నెల చెల్లాయి ఫీజుకు తక్కువ పంపింది అందుకే. వచ్చే నెల సర్దుతాను. కొన్నాళ్లుగా కుడి మణికట్టు నొప్పి పెడుతున్నది. ఆఫీసులో అందరూ దీనినే వాడుతున్నారు. ఇది లేనివాడు అసలు ప్రోగ్రామరే కాడంటారు” అన్నాడు.

తండ్రి కోపగించుకోలేదు. అతని చేతిని తన చేతిలోకి తీసుకుని మణికట్టును తడిమి చూశారు. “నొప్పి సంగతి తరువాత చూద్దాం. ముందు ఒక మాట చెప్పు నాయనా. ఇది నీకు అవసరమని కొన్నావా, ఇష్టమని కొన్నావా?” అని అడిగారు.

ఆ ప్రశ్నకు కుమారుడు వెంటనే సమాధానం చెప్పలేకపోయాడు. సమాధానం చెప్పాలంటే ముందుగా ఆ వస్తువు స్వరూపమేమిటో, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

సాధారణమైన కీబోర్డులో మీటలన్నింటి అడుగున రబ్బరుతో చేసిన చిన్న గుబ్బలు ఉంటాయి. వాటి కింద సన్నని ప్లాస్టిక్ పొరలు, ఆ పొరలపై విద్యుత్తు ప్రవహించే గీతలు ఉంటాయి. మీటను నొక్కినప్పుడు గుబ్బ కుంగి పై పొరను కింది పొరకు తాకిస్తుంది. ఆ స్పర్శతో అక్షరం నమోదవుతుంది. సాధారణంగా మీట అడుగు వరకు దిగితే తప్ప అక్షరం పడదు. తయారీకి ఖర్చు తక్కువ, శబ్దం తక్కువ, నీటి చుక్కలు పడినా కొంత తట్టుకుంటుంది. అయితే కాలం గడిచేకొద్దీ రబ్బరు బిగుసుకుపోవడమో, సడలిపోవడమో జరిగి స్పర్శలో తేడా వస్తుంది.

మెకానికల్ కీబోర్డు నిర్మాణం వేరు. ఇందులో ప్రతి మీటకు విడిగా ఒక స్విచ్చి ఉంటుంది. దానిలో కిందికీ పైకీ కదిలే ఒక కాడ, దానిని తిరిగి పైకి నెట్టే లోహపు స్ప్రింగు, ఒకదానినొకటి తాకే రెండు లోహపు రేకులు ఉంటాయి. ఎక్కువ వాడుకలో ఉన్న రకంలో మీట మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది. కాని సుమారు రెండు మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడిపోతుంది. అంటే సాధన గలవాడు మీటను అడుగుకంటా మోదనవసరం లేదు. రేకులు తాకిన మరుక్షణంలో అవి సూక్ష్మంగా కంపిస్తాయి. ఆ కంపనం వల్ల ఒక అక్షరం రెండుసార్లు పడకుండా, కీబోర్డులోని చిన్న ప్రాసెసరు సెకనులో కొన్ని వేలవంతుల కాలం ఆగి, స్పర్శ నిలకడను నిర్ధారించుకుంటుంది.

చెర్రీ అనే సంస్థ 1980 దశకంలో రూపొందించిన ఎం.ఎక్స్. అనే స్విచ్చి ఈ రంగంలో ప్రమాణంగా నిలిచింది. దానిలోని కాడ రంగును బట్టి దాని స్వభావాన్ని గుర్తిస్తారు. ఎరుపు రంగుది ఏ అడ్డూ లేకుండా సాఫీగా దిగుతుంది. గోధుమ రంగుది మధ్యలో చిన్న గతుకు దాటినట్లు వేలికి తెలియజేస్తుంది. నీలం రంగుది ఆ గతుకుతో పాటు టక్కుమని ధ్వనిస్తుంది. నలుపు రంగుది ఎరుపు వంటిదే అయినా దాని స్ప్రింగు బరువైనది. ఆ రూపకల్పనపై పేటెంటు గడువు తీరిన తరువాత, 2010 దశకంలో చైనా సంస్థలు అనేకం అటువంటి స్విచ్చిలను తయారుచేయసాగాయి. దానితో రకాలు వందలుగా పెరిగాయి; ధరలు కొంత దిగివచ్చాయి.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. మెకానికల్ కీబోర్డు ప్రోగ్రామర్ల కోసం ప్రత్యేకంగా పుట్టినది కాదు. దాని మూలం టైపు యంత్రంలో ఉన్నది. అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ తన సహచరులతో కలిసి 1868 లో టైపు యంత్రానికి పేటెంటు పొందాడు. రెమింగ్టన్ సంస్థ దానిని 1874 లో అమ్మకానికి తెచ్చింది. నేటి ఆంగ్ల మీటల వరుస ఆ సంస్థ యంత్రాల నుంచి వచ్చినదే. భారతదేశంలో గోద్రెజ్ సంస్థ 1955 లో స్వదేశీ టైపు యంత్రాన్ని తయారుచేసింది. తెనాలి వంటి పట్టణాలలో వేలాది యువతీయువకులు ఉపాధి పొందడానికి ఈ యంత్రాలే ఆధారమయ్యాయి.

1981 లో ఐ.బి.ఎం. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినప్పుడు దానితో ఇచ్చిన కీబోర్డులో ప్రతి మీట కిందా ఒక స్ప్రింగు ఉండేది. మీటను నొక్కగా ఆ స్ప్రింగు ఒక స్థాయిలో చటుక్కున వంగి, శబ్దంతో పాటు వేలికి స్పష్టమైన సూచన ఇచ్చేది. కార్యాలయాలలో ఆ సంస్థ విద్యుత్ టైపు యంత్రాలకు అలవాటుపడిన వేళ్లకు ఆ స్పర్శ పరిచితమైనదిగా తోచింది. 1980 దశకం మధ్యలో వచ్చిన దాని తరువాతి రూపం ‘మోడల్ ఎం’ రెండు కిలోలకు పైగా బరువు తూగేది. అటువంటివి కొన్ని నేటికీ పనిచేస్తున్నాయి. ఆనాడు అది విలాస వస్తువు కాదు. కంప్యూటరుతో వచ్చే మామూలు కీబోర్డు. ఆ తరువాత కంప్యూటర్ల ధరలు తగ్గించే పోటీలో ఖర్చు తక్కువైన రబ్బరు గుబ్బలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఒకప్పుడు అందరికీ అందిన గట్టిదనమే నేడు ప్రత్యేకమైన వస్తువుగా తిరిగి వచ్చి, ప్రత్యేకమైన ధర పలుకుతున్నది.

కాబట్టి మెకానికల్ కీబోర్డును మెచ్చుకొనేవారి మాటలో సత్యం లేకపోలేదు. రోజుకు ఎనిమిది గంటలు ఉపయోగించే వస్తువు గట్టిగా, నమ్మకంగా ఉండాలని కోరుకోవడం న్యాయమే. దీని స్విచ్చి ఐదు కోట్ల నొక్కులకు మించి తట్టుకుంటుందని తయారీదారులు చెబుతారు. ఒక మీట చెడిపోతే దానిని మాత్రమే మార్చుకొనే వీలు చాలా రకాలలో ఉన్నది. మొత్తం వస్తువును చెత్తకుప్పలో పడవేయనక్కరలేదు. మీట బరువును, శబ్దాన్ని, ఆకారాన్ని తన చేతికి అనువుగా ఎంచుకోవచ్చు. చేతికి నచ్చిన పనిముట్టు పనిపై ప్రీతిని పెంచుతుందనేది కూడా అనుభవంలో ఉన్న విషయమే.

జపాన్‌కు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త ఎయిటి వాడా ఈ భావాన్ని ఒక చక్కని ఉపమానంతో వివరించాడు. పశ్చిమ అమెరికాలోని పశువుల కాపరి తన గుర్రం చనిపోతే దానిని అక్కడే విడిచివెళతాడట. కాని జీనును మాత్రం భుజాన వేసుకుని ఎడారిలో నడుస్తాడట. గుర్రాలు మారుతుంటాయి, జీను మాత్రం అతని శరీరానికి అలవాటుపడిన వస్తువు. అలాగే కంప్యూటర్లు కొన్నేళ్లకొకసారి మారిపోతుంటాయి. కీబోర్డు మాత్రం మనిషి చేతికి అలవాటుపడినది కనుక అది చిరకాలం వెంట ఉండాలని ఆయన అభిప్రాయం. ఆ భావంతోనే ఆయన రూపొందించిన చిన్న కీబోర్డు 1996 లో విడుదలై, ప్రోగ్రామర్ల ఆదరణ పొందింది. విశేషమేమిటంటే అందులో మొదట వాడినవి లోహపు స్విచ్చిలు కావు, రబ్బరు గుబ్బలే. మీటలను చేతికి అందుబాటుగా అమర్చడం పైనే ఆయన ప్రధానంగా దృష్టి నిలిపాడు.

ఉపయోగకరమైనదీ, ప్రీతికరమైనదీ అయినంత మాత్రాన ఒక వస్తువు అవసరమైనది కాజాలదు. ప్రోగ్రామరు పని యథార్థంగా ఏమిటో చూచినప్పుడు ఈ భేదం స్పష్టమవుతుంది. టైపిస్టు ముందు వ్రాసిన ప్రతి ఒకటి ఉంటుంది. దానిని తప్పులు లేకుండా, వేగంగా అచ్చుకెక్కించడమే అతని విధి. అక్కడ వేలి వేగమే పని వేగం. ప్రోగ్రామరు ముందు అటువంటి ప్రతి ఉండదు. అతడు సమస్యను అర్థం చేసుకోవాలి. దానిని చిన్న చిన్న భాగాలుగా విడదీయాలి. ఇతరులు వ్రాసినదానిని చదవాలి. తాను వ్రాసినదానిలోని లోపాన్ని వెదకాలి. ఒక్క గుర్తు తప్పుగా పడినందుకు పూటంతా వెదికి, చివరకు ఒక్క మీట నొక్కి సరిదిద్దే రోజులు ఆ వృత్తిలో ఎన్నో ఉంటాయి. ఆ పూట అతని వేళ్లు పనిచేసింది ఒక్క క్షణం. మిగిలిన కాలమంతా పనిచేసింది బుద్ధి.

ఈ వృత్తి చరిత్ర కూడా ఇదే విషయాన్ని ధ్రువపరుస్తున్నది. 1946 లో లోకానికి పరిచయమైన ఎనియాక్ అనే తొలితరం కంప్యూటరుకు ప్రోగ్రాములు సిద్ధం చేసినవారు ఆరుగురు మహిళలు. వారు మీటలు నొక్కి ప్రోగ్రాము వ్రాయలేదు. తీగలను ఒకచోటి నుంచి మరొకచోటికి కలుపుతూ, స్విచ్చిలను తిప్పుతూ ఆ మహాయంత్రం చేత లెక్కలు చేయించారు. తరువాతి కాలంలో ప్రోగ్రామర్లు గళ్ల కాగితాలపై పెన్సిలుతో ఆదేశాలను వ్రాసి ఇచ్చేవారు. వాటిని చిల్లుల కార్డులపైకి ఎక్కించే పని తరచుగా వేరొకరు చేసేవారు. ఒక్క తప్పు దొరలితే మరుసటి రోజు వరకు ఫలితం కోసం వేచి ఉండవలసి వచ్చేది. అందువల్ల వారు వ్రాయడానికి ముందే పలుమార్లు ఆలోచించేవారు.

నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ శాస్త్రానికి పునాదులు వేసిన వారిలో ఒకడు. 1956 లో ఒకనాడు ఆయన తనకు కాబోయే భార్యతో కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లో బజారుకు వెళ్లి, అలసి ఒక కాఫీ అంగడి వద్ద కూర్చున్నాడు. ఒక ఊరి నుంచి మరొక ఊరికి అతి దగ్గరి దారిని కనుగొనడం ఎలాగన్న సమస్యకు ఆ అంగడిలోనే సుమారు ఇరవై నిమిషాలలో పరిష్కారం ఊహించాడు. అప్పుడు ఆయన చేతిలో కాగితం లేదు, కలం లేదు. 1959 లో ప్రచురితమైన ఆ పద్ధతిని కంప్యూటరు విద్యార్థులు నేటికీ పాఠంగా చదువుకుంటున్నారు. కంప్యూటర్లు లోకమంతా వ్యాపించిన తరువాత కూడా ఆయన తన శాస్త్రవ్యాసాలలో చాలా భాగం సిరా కలంతోనే వ్రాశాడు.

పనిముట్టులో లోపమున్నా ఆ లోపాన్ని మించిన ప్రతిభావంతులు మరికొందరు. 1969 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థ రూపుదిద్దుకొన్న తొలినాళ్లలో వారు వాడినది టెలిటైపు యంత్రం. దాని మీటలు బిగుసుగా ఉండేవి. అది సెకనుకు పది అక్షరాలు మాత్రమే కాగితంపై ముద్రించేది. ఆ వ్యవస్థలోని ఆదేశాలు రెండు మూడు అక్షరాల పొట్టి పేర్లతో ఉండడానికి ఇదొక కారణమని చెబుతారు. 1970 దశకంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే యువకుడు ‘వీఐ’ అనే వ్రాత సాధనాన్ని రూపొందించాడు. అతని వద్ద ఉన్న టెర్మినల్‌లో బాణపు గుర్తులకు ప్రత్యేకమైన మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీటలపైనే ఆ గుర్తులు ముద్రించి ఉండేవి. అతడు ఆ నాలుగు మీటలనే తెరపై కదలడానికి వాడుకున్నాడు. ఆ అలవాటు నేటికీ లక్షలాది ప్రోగ్రామర్ల వేళ్లలో నిలిచి ఉన్నది. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత ఇటువంటి వారి విషయంలో తలక్రిందులవుతుంది. మద్దెల ఓడైనా ఆడి చూపినవారు వీరు.

అయితే పనిముట్టు ఎటువంటిదైనా ఫరవా లేదని నిర్ణయించడం కూడా పొరపాటే. మనిషి బుద్ధికి అలసట రాకముందే శరీరానికి అలసట రావచ్చు. తాళపత్రాలపై గంటంతో వ్రాసిన పూర్వపు లేఖకులకు ఈ సంగతి బాగా తెలుసు. వీపు, నడుము, మెడ వంగిపోగా, చూపు దించి కష్టపడి వ్రాసిన ఈ గ్రంథాన్ని జాగ్రత్తగా కాపాడండని వేడుకొనే అర్థం గల శ్లోకం ప్రాచీన వ్రాతప్రతుల చివర తరచుగా కనిపిస్తుంది. గ్రంథకర్త కీర్తి పొందాడు. లేఖకుని నొప్పి మాత్రం ప్రతి చివరన ఒక శ్లోకమై మిగిలింది. గంటం పోయి మీటలు వచ్చినా నడుము, మెడ, మణికట్టు మారలేదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ అనుభవం ఇందుకు నిదర్శనం. 1990 దశకం మధ్యలో ఆయన చేతులకు తీవ్రమైన నొప్పి వచ్చింది. కొంతకాలం ఆయన చెబుతుంటే ఇతరులు టైపు చేయవలసి వచ్చింది. కొన్నేళ్ల తరువాత ఆ నొప్పికి కారణం తన కీబోర్డు మీటలు గట్టిగా ఉండడమేనని ఆయన గ్రహించాడు. తేలికగా దిగే మీటలున్న కీబోర్డుకు మారిన తరువాత ఆ బాధ చాలావరకు తగ్గిందని ఆయనే వెల్లడించాడు. ఇక్కడ మేలు చేసినది కీబోర్డు ఖరీదు కాదు. చేతికి అనువైన తేలికదనం. మెకానికల్ కీబోర్డులలో తేలికగా దిగేవీ ఉన్నాయి, బరువైనవీ ఉన్నాయి. పేరు చూచి కొన్నవానికి మేలు జరగవచ్చు, కీడూ జరగవచ్చు.

తెనాలి ఇంటిలో ఆ పండుగనాటి సాయంత్రం జరిగినది కూడా ఇటువంటి పరీక్షే. తండ్రి కుమారుని బల్ల ముందు కూర్చోబెట్టి, కొత్త కీబోర్డుపై ఏదైనా వ్రాయమన్నారు. కళ్లజోడు సవరించుకుని, శిష్యుని పరీక్షించే గురువువలె పక్కన నిలబడ్డారు. కుమారుడు వేగంగానే వ్రాస్తున్నాడు. కాని అతని మణికట్లు బల్ల అంచుపై ఆనుకొని పైకి విరిగినట్లు ఉన్నాయి. భుజాలు బిగుసుకుని ఉన్నాయి. వేళ్లు మీటలను అడుగుకంటా మోదుతున్నాయి. కుర్చీ పల్లంగా, బల్ల ఎత్తుగా ఉన్నది.

“ఆగు నాయనా! మీటను కొట్టకు, తాకు. టైపు యంత్రంలో అక్షరం కాగితానికి తగలాలి కనుక కొట్టేవాళ్లం. దీనికి ఆ బలం దేనికి? సగం దిగితే చాలునని నువ్వే చెప్పావుగా! మరి మిగతా సగం ఎవరి కోసం?” అన్నారు తండ్రి.

కుమారుడు నవ్వాడు. తండ్రి లోపలికి వెళ్లి ఒక దుప్పటి మడిచి తెచ్చి కుర్చీపై వేశారు. మోచేతులు బల్ల ఎత్తుకు వచ్చాయి. మణికట్టు ముంజేతితో సమంగా నిలిచింది. “అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వెయ్యి. నొప్పి తగ్గకపోతే పండుగ వెళ్లగానే డాక్టరుకు చూపించుకో. మా ఇన్‌స్టిట్యూటులో మొదటి వారమంతా పిల్లలకు అక్షరాలు నేర్పేవాణ్ణి కాదు, కూర్చోవడం నేర్పేవాణ్ణి. నీకు ఇంట్లోనే ఉన్నాను కదా అని నేర్పలేదు. ఆ తప్పు నాదే” అన్నారు.

ఆ మాటకు కుమారుని కళ్లు చెమర్చాయి. పన్నెండు వేల రూపాయలు పెట్టి అతడు వెదికిన మందులో కొంతభాగం, మడత దుప్పటి రూపంలో, తండ్రి జ్ఞానం రూపంలో, ఇంటిలోనే ఉన్నది. తిరిగి నగరానికి వెళ్లిన తరువాత అతడు వైద్యుని సంప్రదించాడు. కుర్చీ ఎత్తు సరిచేసుకున్నాడు. మధ్య మధ్య విరామం తీసుకోవడం అలవాటు చేసుకున్నాడు. నొప్పి క్రమంగా సద్దుమణిగింది. టక్కుటక్కుమనే నీలం స్విచ్చిల శబ్దం గదిలోని మిత్రునికి నిద్రాభంగం కలిగిస్తున్నదని గ్రహించి, వాటి స్థానంలో శబ్దం లేని తేలికైన స్విచ్చిలను అమర్చుకున్నాడు. చెల్లెలి ఫీజులో తగ్గిన సొమ్మును తరువాతి నెలలో పంపాడు. కీబోర్డును మాత్రం వదులుకోలేదు. అది తనకు ఇష్టమైనదని, అయితే అది లేకపోయినా తన పని సాగుతుందని తెలిసిన తరువాత, ఆ ఇష్టంలో పూర్వపు ఆరాటం పోయింది.

కొంతకాలానికి వారి వీధిలో ఇంజనీరింగులో చేరిన ఒక కుర్రవాడు అతనికి ఫోను చేశాడు. “అన్నా, కోడింగు నేర్చుకోవాలంటే మెకానికల్ కీబోర్డు ఉండాలంటగా? అమ్మ గాజులు తాకట్టు పెట్టయినా కొనిపెడతానంటున్నది. ఏది కొనమంటావు?” అని అడిగాడు. అతడు ఒక్క క్షణం మౌనం వహించి, “గాజులు అమ్మ చేతికే ఉండనీ తమ్ముడూ. మీ కాలేజీ ల్యాబులో ఉన్న కీబోర్డు చాలు. ముందు ఒక చిన్న లెక్క తీసుకుని, దానికి ప్రోగ్రాము కాగితం మీద వ్రాసి చూడు. తరువాత టైపు చెయ్యి. అయితే సరిగా కూర్చో. ఆదివారం మా నాన్నగారి దగ్గరకు వెళ్లు, ఆయన నేర్పుతారు. నువ్వు సంపాదించిన తరువాత, నీ చేతికి ఏది నచ్చితే అది కొనుక్కుందువు గాని” అన్నాడు.

ఆ ఆదివారం నుంచి తెనాలిలోని ఆ ఇంటిలో మళ్లీ మీటల సవ్వడి మొదలైంది. తొలుత ఒక్కడు, తరువాత నలుగురు. పాత టైపు యంత్రం ఒకటి, ఎవరో ఇచ్చిన రబ్బరు మీటల కీబోర్డులు రెండు, వాటి ముందు నిటారుగా కూర్చున్న పిల్లలు, వారి వెనుక చేతులు కట్టుకుని తిరుగుతూ “భుజాలు వదులు చెయ్యి బాబూ” అని హెచ్చరించే పెద్దాయన.

ప్రోగ్రామరుకు మెకానికల్ కీబోర్డు అవసరమా అన్న ప్రశ్నకు సమాధానం అక్కడ దొరుకుతుంది. చేతిని నొప్పించని పనిముట్టు ప్రతి పనివానికీ అవసరం. అది ఖరీదైనదా, చవకైనదా, లోహపు స్ప్రింగుదా, రబ్బరు గుబ్బదా అన్నది అతని చేయి, అతని ఆదాయం, అతని చుట్టూ ఉన్నవారి సౌకర్యం కలిసి నిర్ణయించవలసిన విషయం. పనిముట్టును ప్రేమించడం తప్పు కాదు. పనితనం దానిలోనే ఉన్నదని భ్రమించడం తప్పు. మహర్నవమినాడు పసుపు కుంకుమలు అందుకొనేది పనిముట్టే అయినా, ఆ పూజ చేసే చేతిని కాపాడుకోవడం, ఆ చేతిని నడిపే బుద్ధికి పదును పెట్టుకోవడం సంవత్సరం పొడవునా చేయవలసిన ఆయుధపూజ.